భీమారావు గారి మూర్ఛ

బస్సు ఉయ్యూరు దాటాక నా ముందు సీట్లో పెద్దాయన జేబులోంచి సెల్‌ఫోను తీసి, తన చెవికి దూరంగా, బస్సంతటికీ దగ్గరగా పట్టుకుని నాటకం పద్యం పెట్టాడు. ముందు హార్మోనియం గుర్రుమంది. దాని వెనకే ఒక మగ గొంతు మెల్లగా లేచి, రాగం పట్టుకుని పైకి పైకి ఎక్కి, తాటిచెట్టు మీది గీత కార్మికుడిలా అక్కడే కూర్చుని ఎంతసేపటికీ దిగనంది. చివరికి దిగింది. దిగీ దిగగానే ఆ రికార్డులో ఉన్న జనమంతా ఒక్కసారిగా "వన్స్ మోర్" అని అరిచారు. నా చెయ్యి దానంతటదే ఎడమ భుజం ఎముక కిందికి వెళ్లింది. అక్కడ చర్మం అడుగున అగ్గిపెట్టెకన్నా పల్చటి మిషను ఒకటుంది. నా గుండె బద్ధకించినప్పుడల్లా దాన్ని తట్టి లేపే పేస్‌మేకరు అది.

ఆ ఉదయమే విజయవాడలో డాక్టరు గారు దాన్ని పరీక్షించి, బ్యాటరీ అయిపోవస్తోందనీ, రెండు మూడు నెలల్లో పాత మిషను తీసి కొత్తది పెట్టాలనీ, తేదీ చెబితే రాసుకుంటాననీ అన్నారు. ఇంట్లో అడిగి చెబుతానండీ అని లేచి వచ్చేశాను. నిజానికి ఇంట్లో అడగడానికేమీ లేదు. మా ఇంట్లో తేదీలన్నీ నేనే చెబుతాను, మా ఆయన క్యాలెండరు మీద సున్నా చుడతారు. భయమేసింది, అంతే. మొదటిసారి ఈ మిషను పెట్టినప్పుడు నేను పడ్డ పాట్లు అటువంటివి. ఆ పాట్ల లోంచి నన్ను బయటికి లాగిన మనిషి, బస్సులో ఆ వన్స్ మోర్ వినబడగానే, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నట్టయింది.

వన్స్ మోర్ సంగతి తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. పద్య నాటకమంటే చెవి కోసుకునే ఊళ్లు మా కృష్ణా డెల్టాలో ఇప్పటికీ ఉన్నాయి. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నారంటే నటుడు మళ్ళీ పాడాల్సిందే, కథ ఎక్కడుందన్నది ఎవరికీ పట్టదు. యుద్ధంలో చచ్చి పడి ఉన్న రాజు వన్స్ మోర్ వినగానే లేచి, దుమ్ము దులుపుకుని, చావబోయే ముందు పాడిన పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోతాడు. శత్రువు పక్కనే కత్తి పట్టుకుని మర్యాదగా కాచుకుని ఉంటాడు. పద్యాలకు వన్స్ మోర్ కొట్టించుకున్న నటులు ఎందరో ఉన్నారు. మూర్ఛకు కొట్టించుకున్న మనిషి మాత్రం నేనెరిగినంతలో ఒక్కరే. ఆయన బందరులో మా పక్క వాటాలో ఉండే భీమారావు గారు.

పేరుకు భీమారావు గానీ మనిషి రివటలా ఉండేవారు. సొంతూరు దివిసీమలో నాగాయలంక దగ్గర. పగలు రైసు మిల్లులో గుమాస్తా, నాటకం ఉన్న రోజున మహారాణి. ఆడవేషాలు తప్ప మరొకటి కట్టలేదు. కొడుకు పోయాడన్న కబురు విని రాణి మూర్ఛపోయే ఘట్టం ఆయన సొంత ఆస్తి. అవనిగడ్డ నుంచి గుడివాడ దాకా ఆ మూర్ఛ చూడటానికి బళ్లు కట్టుకుని వచ్చేవారట. ఆయన భార్య రత్నమ్మ గారు మాత్రం ఒక్క నాటకమూ చూడలేదు. "చూసేదేముందమ్మా. నా చీరలు నాకంటే ఆయనే ఎక్కువ కట్టారు. బీరువా తీసి ఏ చీర మాసిందో చూస్తే ఏ నాటకం ఆడారో తెలిసేది," అనేవారు. మిల్లు ఉద్యోగం అయిపోయాక ఇద్దరూ బందరు వచ్చి మా పక్కన అద్దెకు దిగారు. చుట్టరికం ఏమీ లేకపోయినా నాకు బాబాయి గారూ పిన్ని గారూ అయ్యారు. ఆ లెక్కన మా ఆయనకు మావయ్య గారు అయ్యారు.

నేను పామర్రులో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నలభై నిండకుండానే గుండె కొట్టుకోవడం ఉన్నట్టుండి నెమ్మదించిపోతోందని చెప్పి ఈ మిషను పెట్టారు. పెట్టి నెల తిరక్కుండా లోపల వైరు చోటు తప్పింది. ఒక్కోసారి అలా కదులుతుందట, అందులో ఎవరి తప్పూ ఉండదట. అది కదిలిందని నాకు తెలిసింది కూరగాయల మార్కెట్లో, టమాటాల రాశి ముందు. బేరం సగంలో ఉండగా ఆ రాశి మీదే పడ్డాను. మా వైపు మనిషి స్పృహ తప్పితే మొదట చేతిలో ఇనప తాళాలు పెడతారు. ఎండదెబ్బ అయినా, ఆకలైనా, గుండె అయినా తాళాలే మందు. ఎదురుగా చెప్పుల కొట్టాయన పరుగున వచ్చి, తన కొట్టు తాళాల గుత్తి నా పిడికిట్లో పెట్టి గట్టిగా మూశాడు. నన్ను ఆ పిడికిలితోనే ఆటో ఎక్కించారు, అంబులెన్సుకు మార్చారు, విజయవాడ చేర్చారు. మర్నాడు ఆ కొట్టాయన తొక్కుడు లడ్డూల పొట్లంతో ఆస్పత్రికి వచ్చి, ఎలా ఉందమ్మా అని ఎంతో ఆప్యాయంగా నా చేతుల వంకే చూస్తూ అడిగాడు. పాపం, కొట్టు మూయడానికి తాళం లేక బావమరిదిని చెప్పుల మధ్య పడుకోబెట్టి వచ్చాడు.

రెండోసారి కోసి వైరు సరిచేశారు. మిషను బాగుపడింది గానీ మనిషి బాగుపడలేదు. ఇంటికి వచ్చాక నాకు ప్రతిదీ అనుమానమే. మిక్సీ దగ్గరికి వెళితే మిషను ఆగిపోతుందని ఎవరో బంధువు చెప్పారు. డాక్టరు గారు అదేం లేదన్నా వినకుండా నెలరోజులు రోట్లో పచ్చడి నూరించాను. నూరింది మా ఆయన. ఆయనకు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగల దుకాణం ఉంది. సన్నటి గొలుసులు అతికే చేతులు బండ పట్టుకుంటే పచ్చడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేను నా నాడి నేనే పట్టుకుని నిద్రపోయేదాన్ని. స్నానానికి వెళితే గడియ పెట్టుకోవడానికి భయం, పెట్టుకోకపోతే సిగ్గు. మా ఆయన అయితే ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నేనెటు వెళితే అటు వెనకాలే వచ్చేవారు. వంటింట్లోకి వెళితే కుర్చీ, తులసికోటకు నీళ్లు పోస్తుంటే కుర్చీ. వీధి గుమ్మంలో నిలబడితే, ఎవరో మంత్రి గారు వచ్చారనుకుని దారినపోయేవాళ్లు చూసేవారు.

అంత కాపలాలోనూ మరి రెండుసార్లు పడ్డాను. మళ్ళీ విజయవాడ పరుగెత్తాం. డాక్టరు గారు మిషనును అటూ ఇటూ పరీక్షించి, ఇది బంగారంలా పనిచేస్తోంది, ఇప్పుడు పడేస్తున్నది భయమే అన్నారు. భయంతో బీపీ దిగిపోతోందట. తల తేలికవగానే ఎక్కడున్నా సరే వెంటనే పడుకుని కాళ్లు ఎత్తుగా పెట్టుకోమన్నారు, మనసు కుదుటపరిచే ఒక అమ్మాయి దగ్గరికి పంపించారు. ఆ అమ్మాయి నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నేర్పింది. నిజంగానే పనికొచ్చింది. కానీ నా అసలు చిక్కు ఊపిరి కాదు, సిగ్గు. నలుగురి మధ్య, బస్సులో, బ్లాక్‌బోర్డు ముందు, టీచర్ని, నేల మీద పడుకోవడమా. అందుకని తల తిరగడం మొదలైనా ఏమీ ఎరగనట్టు, గోడ పట్టుకుని, నవ్వు ముఖం పెట్టి నిలబడేదాన్ని. నిలబడి నిలబడి ఢామ్మని పడేదాన్ని. ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోను చేసి, జూన్‌లో బడి తెరిచేలోగా వస్తావో రావో తేల్చమ్మా, రాకపోతే ఇంకొకరిని తీసుకోక తప్పదు అని మెత్తగానే చెప్పారు. ఆ ఉద్యోగం పోతే నేను ఆ ఎర్ర కుర్చీలో కూర్చుండిపోతానని నాకు తెలుసు. లేవడానికి మరో కారణం ఉండదు.

ఆ వారంలోనే ఒక పొద్దున భీమారావు గారు మా పేపరు చదివేసి తిరిగివ్వడానికి వచ్చారు. అరుగు మీద ఆయనకు ఎదురెళ్లి నిలబడ్డాను. చెవుల్లో హోరు మొదలైంది. పెద్దాయన ముందు బాగుండదని స్తంభం పట్టుకుని కుశల ప్రశ్నలు వేశాను. మూడో ప్రశ్నకు బకెట్టు మీద పడ్డాను. కళ్లు తెరిచేసరికి కాళ్ల కింద దిండు, పక్కన మెట్టు మీద ఆయన, ఆయన వెనక కుర్చీతో మా ఆయన. "కుర్చీ వేసేలోపే పడిపోయింది మావయ్య గారూ," అని ఈయన సంజాయిషీ చెప్పుకుంటున్నారు. భీమారావు గారు అది విన్నట్టు లేదు. నా వంకే విచారంగా చూస్తున్నారు. మంచి పద్యాన్ని ఎవరో పాడుచేసినట్టుంది ఆ చూపు.

"పడ్డం అలా కాదమ్మాయ్," అన్నారు. "నిలువునా పడ్డావు. అది మూర్ఛ కాదు, గోడ కూలడం."

మా ఆయనకు కోపం వచ్చింది. నాకు రాలేదు. అన్ని నెలల్లో నా పడటం గురించి జాలి లేకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయన. పడబోయే ముందు ఏం తెలుస్తుందని అడిగారు. చెప్పాను. చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట, ఎదుటివాళ్ల మాట నూతిలోంచి వచ్చినట్టు వినబడటం, ఆ తర్వాతే చీకటి. ఆయన ఒక్కొక్కదానికీ తల ఊపి, ఇంత చెప్పి వస్తున్న దాన్ని పట్టుకుని చెప్పకుండా వస్తోందంటావేమిటి అన్నారు. నాటకంలో హార్మోనియం మోగాకే పాత్ర వస్తుందట. నాకు మోగుతున్నది హార్మోనియమేనట. అది వినబడ్డాక నిలబడి ఉండటం ఏ వేషానికీ పనికిరాదట.

"అందరూ చూస్తుంటే నేల మీద పడుకోమంటారా బాబాయి గారూ," అన్నాను.

"చూస్తే చూడనీ. నేను టిక్కెట్టు పెట్టి మరీ చూపించాను," అన్నారు.

మర్నాటి సాయంత్రం నుంచి మా డాబా మీద పాఠాలు మొదలయ్యాయి. ముందుగా మా ఆయన డాక్టరు గారికి ఫోను చేసి, మా పక్కింటాయన మా ఆవిడకు మూర్ఛపోవడం నేర్పిస్తానంటున్నారు, పరవాలేదా అని అడిగారు. విషయం అంతా విన్నాక డాక్టరు గారు నవ్వి, కొత్త కుట్టు గనక ఎడమ చెయ్యి ఎత్తొద్దు, దాని మీద బరువు పడనివ్వొద్దు, మిగతాదంతా నేను చెప్పిందే, ఆయన నేర్పుగా చెబుతున్నాడు అన్నారట. చాప పరిచాం. లుంగీ బనియనుతో ఉన్న డెబ్భై ఏళ్ల మనిషి చాప ముందు నిలబడి, భుజాన లేని కొంగును సర్దుకున్నారు. అంతే, అక్కడ ఒక మహారాణి ఉంది. వార్త విన్నది. కుడి చెయ్యి గాల్లో ఆసరా వెతికింది. మోకాళ్లు వంగాయి, తుంటి నేలను తాకింది, మోచెయ్యి ఆనింది, భుజం వాలింది, అన్నిటికంటే ఆఖరున తల వచ్చి చేతి మీద పడుకుంది. చప్పుడన్నది లేదు. లుంగీ అంచు చీలమండ దాటి పైకి పోలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

పక్కన వడియాలు ఆరబెడుతున్న రత్నమ్మ గారు తలెత్తకుండానే, "మూర్ఛ ఆ చివరికి వెళ్లి పోండి, ఇక్కడ వడియాలున్నాయి," అన్నారు.

రోజూ సాయంత్రం పడేదాన్ని. మిషను ఎడమవైపు గనక నాకు కుడివైపు పాఠమే చెప్పారు. పడేముందు కుచ్చెళ్లు ఎలా అదుముకోవాలో, కొంగు ఎక్కడ దోపాలో కూడా చెప్పారు. పుట్టినప్పటి నుంచీ ఆడదాన్నైన నాకు చీర సంగతి ఆయన చెప్పాల్సి రావడం కాస్త చిన్నతనంగానే ఉండేది. ఆయన మెచ్చుకోవడం తక్కువ. తొందరపడ్డావనో, బియ్యం బస్తా దించినట్టుందనో అనేవారు. మెల్లగా ఒక చిత్రం జరిగింది. కావాలని అన్నిసార్లు పడేసరికి, పడటమన్నది ఎక్కడో చీకట్లో పొంచి ఉన్న దొంగలా కాకుండా, రోజూ వచ్చే పాలవాడిలా అనిపించసాగింది. బాత్‌రూమ్ గడియ పెట్టుకోవడం మొదలుపెట్టాను. నాడి పట్టుకోకుండా నిద్రపోయాను. పచ్చడి మళ్ళీ మిక్సీలోకి మారింది, అందుకు అందరికంటే ఎక్కువ సంతోషించింది మా ఆయన. బజారుకు మాత్రం ఇంకా ఒంటరిగా వెళ్లలేదు. డాబా మీద పడటం వేరు, లోకంలో పడటం వేరు.

బడి తెరవడానికి కొద్దిరోజుల ముందు భీమారావు గారికి దివిసీమ నుంచి కబురు వచ్చింది. నాగాయలంక దగ్గర ఊళ్లో అమ్మవారి జాతర, పాత సమాజం వాళ్లు నాటకం వేస్తున్నారు, రాణి వేషం మీరే కట్టాలి, ఇదే ఆఖరు అని. ఆయన నన్ను రమ్మన్నారు. నేను వద్దన్నాను. కారులో చోటుందన్నారు. చల్లపల్లి మీదుగా పులిగడ్డ వంతెన దాటి వెళ్లాం, డిక్కీలో మా ఆయన ఎర్ర కుర్చీతో సహా. రత్నమ్మ గారు తన పట్టుచీర మడతపెట్టి ఇచ్చి, నలగకుండా తెమ్మని చెప్పి ఇంట్లోనే ఉండిపోయారు. వెనకటి రోజుల్లో నాటకం తెల్లవార్లూ ఆడేది. ఇప్పుడు చూసేవాళ్లందరికీ మాత్రలు వేసుకునే వేళ ఒకటుంటుంది గనక సాయంత్రం ఎండ తగ్గగానే మొదలుపెట్టేశారు. స్టేజీ ముందు ప్లాస్టిక్ కుర్చీలు వందల్లో వేశారు. అన్ని కుర్చీలు ఒక్కచోట చూసి మా ఆయన ముఖంలో కలిగిన తృప్తి నేను మా పెళ్లిలో కూడా చూడలేదు.

రాణి వచ్చింది. వార్త విన్నది. పద్యం పాడి మూర్ఛపోయింది. జనం వన్స్ మోర్ అన్నారు. లేచి, పాడి, మళ్ళీ పడింది. ఈలలు, మైకులో హోరు, మళ్ళీ వన్స్ మోర్. ఆ హోరులోనే నా చెవుల్లో రెండో హోరు ఒకటి లేవడం వినబడింది. అరచేతులు తడిశాయి. ముందు వరుసలో ఉన్నాను. పాత బుద్ధి పోనిచ్చుకోక, ఎవరూ చూడకుండా బయటికి వెళ్లిపోదామని లేచాను. స్టేజీ ముందు ఖాళీ జాగాలోకి వచ్చేసరికి మాటలు నూతిలోకి దిగిపోయాయి. హార్మోనియం, అనుకున్నాను. అంతమంది ముందు మోకాళ్లు వంచాను. తుంటి, మోచెయ్యి, భుజం, తల. కుచ్చెళ్లు చేతిలోనే ఉన్నాయి. కళ్లు మూతలు పడ్డాయి గానీ తెలివి పూర్తిగా పోలేదు. నా చుట్టూ జనం సద్దుమణగడం వినబడింది. తర్వాత ఎక్కడో వెనక నుంచి ఒక గొంతు, మనస్ఫూర్తిగా, "వన్స్ మోర్" అంది.

నాటకంలో భాగమనుకున్నారు. ఆ ఒక్క గొంతుకు పది గొంతులు కలిశాయి. ఎవరో తాళాల గుత్తి గలగలలాడిస్తూ పరిగెత్తుకొస్తున్నారు. అప్పుడు స్టేజీ మీద మూర్ఛలో ఉన్న మహారాణి ఒక కన్ను తెరిచి, మోచేతి మీద కాస్త లేచి, మైకులో పలికింది. "అయ్యో, మా చెలికత్తెకునూ మూర్ఛ వచ్చినది. ఎవ్వరునూ మీద పడవలదు, గాలి రానిండు. పాదములు రెండునూ పైకెత్తి ఉంచుడు. తాళములు మాత్రము వలదు." అంతా ఆజ్ఞాపించి మళ్ళీ మూర్ఛపోయింది. మా ఆయన ఎర్ర కుర్చీతో ఒక్క అంగలో వచ్చి నా కాళ్లు దాని మీద పెట్టారు. అన్ని నెలలుగా ఆ కుర్చీ నా వెనక తిరిగింది ఈ ఒక్క పని కోసమే అని అప్పుడు తెలిసింది. కాసేపటికి మాటలు నూతిలోంచి పైకి వచ్చాయి. లేచి కూర్చుని, నిలబడ్డాను. జనం చప్పట్లు కొట్టారు. సిగ్గుపడదామని చూశాను, రాలేదు. నవ్వొచ్చింది. చేతులు జోడించి నమస్కారం పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను.

తిరిగి వస్తూ కారులో ఆయన సగం రంగు తుడిచిన ముఖంతో, పట్టుచీర మడత ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కొబ్బరినూనె, పౌడరు కలిసిన వాసన కారంతా ఉంది. ఆ మూర్ఛ ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను.

"ఎవరూ నేర్పలేదమ్మాయ్. గుడివాడలో మొదటిసారి రాణి వేషం కట్టాను. అంత జనాన్ని అదే చూడ్డం. పద్యం మర్చిపోయాను. నువ్వు చెప్తావే హోరు, అది వచ్చింది. నిజంగానే పడిపోయాను. కళ్లు తెరిచేసరికి ఊరంతా వన్స్ మోర్ అంటోంది. ఏం చెయ్యమంటావ్, లేచి మళ్ళీ పడ్డాను. అప్పటికి పద్యం గుర్తొచ్చింది."

ఆ భయం తర్వాత ఎప్పుడు పోయిందని అడిగాను.

"ఎక్కడ పోతుంది? ఇవాళ తెర లేచేముందు కూడా వచ్చింది. రానీలే అని దానికీ ఒక వేషం ఇచ్చాను," అన్నారు.

జూన్‌లో బడికి వెళ్లాను. బస్సు ఎక్కించడానికి మా ఆయన వచ్చారు, కుర్చీ ఇంట్లో పెట్టి. మొదటి రోజునే ప్రతి తరగతిలోనూ చెప్పాను, మీ టీచరు ఒక్కోసారి పాఠం మధ్యలో పడుకుంటుంది, కంగారు పడకండి, కాళ్ల కింద పుస్తకాల సంచులు పెట్టండి, తాళాలు వద్దు అని. ఆ వానాకాలంలో తొమ్మిదో తరగతిలో ట్రెపీజియం వైశాల్యం చెబుతుండగా హార్మోనియం మోగింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పద్ధతిగా పడుకున్నాను. పిల్లలు చెప్పినట్టే సంచులు పెట్టారు. లేచి చీర దులుపుకుంటుంటే వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, లెక్క మళ్ళీ మొదటి నుంచీ చెబుతారా టీచర్ అని అడిగింది. చెప్పాను. ఆ తర్వాత మూర్ఛలు రావడం తగ్గి తగ్గి, ఏడాదికి ఒకటైనా వస్తే గొప్ప అన్నట్టయింది. భయం మాత్రం అప్పుడప్పుడూ పలకరించి పోతూనే ఉంది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం భీమారావు గారు భోజనం చేసి చాప మీద పడుకున్నారు. కుడివైపు తిరిగి, తల చేతి మీద పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని. రత్నమ్మ గారు కాఫీ కలిపి, లేవండి చల్లారిపోతోంది అన్నారు. పలకకపోతే, చాల్లెండి మీ వేషాలు అన్నారు. ఆ మాట తలుచుకుని ఆవిడ తర్వాత చాలాసేపు ఏడ్చారు.

ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. దివిసీమ నుంచి పాత సమాజం వాళ్లు వచ్చారు. హార్మోనియం వాయించే ముసలాయన పెట్టె ముందు పెట్టుకుని, ఆ మూర్ఛ పద్యం తనే పాడాడు. గొంతు అక్కడక్కడా విరిగింది. పద్యం అయ్యేదాకా రత్నమ్మ గారు భీమారావు గారి తల దగ్గర కూర్చుని ఉన్నారు. ఒక్క నాటకమూ చూడని మనిషి. కొంగుతో ముఖం తుడుచుకుని, హార్మోనియం ఆయన వంక చూసి, మెల్లగా, "వన్స్ మోర్," అన్నారు.

ముసలాయన మళ్ళీ పాడాడు. మేమందరం పద్యం వింటూ ఆ అరుగు వైపే చూశాం. చచ్చిన రాజులు లేవడం చూసిన కళ్లు కదా, అందరికీ ఒక్క క్షణం ఆశ కలిగింది. ఆయన లేవలేదు. అంత ఏడుపు నేను మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇదంతా తలుచుకునేసరికి బస్సు పామర్రు దాటి బందరు దగ్గరపడింది. ముందు సీటు పెద్దాయన ఫోను జేబులో పెట్టుకుని నిద్రపోయాడు. మా ఆయన ఫోను చేశారు. బస్టాండులో ఉన్నానని చెప్పి, డాక్టరు గారు ఏమన్నారని అడిగారు. ఆ గొంతులో పాత కుర్చీ కాళ్లు వణకడం నాకు వినబడింది. నా చెవుల్లో కూడా సన్నగా హార్మోనియం మొదలైంది. అబద్ధం చెప్పను, మళ్ళీ ఆ బల్ల, ఆ కోత, మళ్ళీ వైరు కదులుతుందేమోనన్న భయం, అన్నీ వచ్చాయి. రానిచ్చాను.

"వన్స్ మోర్ అన్నారండీ," అన్నాను.

అవతల ఆయన నవ్వడం వినబడింది. ముక్కు చీదిన చప్పుడు కూడా కలిసి ఉందనుకుంటాను. మరి ఏం చెప్పావు అని అడిగారు. ఇంకా చెప్పలేదనీ, దిగగానే ఫోను చేసి తేదీ ఇచ్చేస్తాననీ, ఇంటికి వెళ్లగానే క్యాలెండరు సిద్ధం చేసుకోమనీ అన్నాను. కండక్టరు బస్టాండు, బస్టాండు అని కేకేశాడు. కుచ్చెళ్లు సర్దుకుని లేచాను.